హెడ్జ్ కట్టర్ పనిలో ట్రాక్టర్ అద్దాలు పగలకుండా, బాడీ పాడవకుండా: సమగ్ర మార్గదర్శి

కంచె చెట్లు కత్తిరించే సీజన్ ముగిశాక ట్రాక్టర్‌ను శుభ్రంగా కడిగి, చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. కట్టర్‌ను మోసే పొడవాటి చెయ్యి, అంటే ఆర్మ్, లేని వైపు రంగు మెరుస్తూ ఉంటుంది. ఆర్మ్ ఉన్న వైపు మాత్రం పదేళ్ళు పాతబడినట్టుంటుంది. మడ్‌గార్డ్ నిండా గీతలు, వెనక లైటుకు బీట, సైడ్ మిర్రర్ వంకర, తలుపు అద్దం మీద చిన్న చిన్న చిప్పులు.

ఈ బాధ చెప్పుకుంటే ఎవరైనా ఇచ్చే మొదటి సలహా "అద్దాలకు ఇనుప జాలి పెట్టించు" అని. జాలి అవసరమే, కాదనను. కానీ అది చివరి కాపలా. దానికంటే ముందు చేయాల్సినవి మూడున్నాయి: ఎగిరే వస్తువులను తగ్గించడం, ఎగిరినవి క్యాబిన్ వైపు రాకుండా చూడడం, కట్టర్ తలే (ఆర్మ్ కొసన ఉండే కోసే భాగం) వచ్చి ట్రాక్టర్‌కు తగలకుండా ఆపడం. ఈ మూడూ వదిలేసి జాలి మీద డబ్బు పెడితే జాలి సొట్టలు పడుతుంది, అద్దం ఎలాగూ పోతుంది. అందుకే ఇక్కడ ఆ వరుసలోనే చెబుతున్నాను.

దెబ్బ బలం ఎంత?

ఫ్లెయిల్ కట్టర్ రోటర్, అంటే ఫ్లెయిల్స్ అనే వేలాడే బ్లేడ్లు తగిలించిన తిరిగే ఇరుసు, మామూలుగా నిమిషానికి 2500 నుంచి 3000 చుట్లు తిరుగుతుంది. బ్లేడ్ కొసలు 45 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వలయంలో తిరుగుతున్నాయనుకుందాం. 3000 చుట్ల దగ్గర కొస వేగం సెకనుకు 70 మీటర్లు, అంటే గంటకు సుమారు 250 కిలోమీటర్లు. ఆ వేగంతో వచ్చే 10 గ్రాముల రాయిలో ఉండే శక్తి, కిలో బరువున్న సుత్తి రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తితో సమానం. పైగా ఆ శక్తంతా గోరంత చోట తగులుతుంది.

క్యాబిన్ పక్క అద్దాలు, వెనక అద్దం సాధారణంగా టఫెన్డ్ గ్లాసువే ఉంటాయి. ఈ గాజు పై పొర నొక్కుడులో, లోపలి భాగం లాగుడులో ఉండేలా తయారవుతుంది. పై పొర వరకే తగిలిన దెబ్బను అది తట్టుకుంటుంది. దెబ్బ ఆ పొర దాటి లోపలికి దిగిందా, అద్దమంతా ఒక్క క్షణంలో పలుకులు పలుకులుగా రాలిపోతుంది. కారు ముందు అద్దానికి చేసినట్టు ఇక్కడ చిప్పు రిపేరు కుదరదు. అంచుల దగ్గర ఈ గాజు మరీ బలహీనం. అద్దం అంచున చిప్పు కనిపిస్తే అది ఇంకా నిలబడి ఉందని ధైర్యపడకండి, సీజన్ మొదలవక ముందే మార్చేయండి.

1. ముందు నడవండి, తర్వాత నడపండి

కంచె పొడవునా ఒకసారి కాలినడకన వెళ్ళడం చాలామందికి టైం వేస్ట్ అనిపిస్తుంది. నా లెక్కలో ఈ మొత్తం పనిలో అతి చవకైన రక్షణ ఇదే. వెతకాల్సినవి: పాత ఫెన్సింగ్ తీగ, కొమ్మల్లో కలిసిపోయిన ముళ్ళతీగ, విరిగిన స్తంభాలు, సీసాలు, డబ్బాలు, గట్టు మీద నుంచి జారిన రాళ్ళు. వీటిలో తీగ అన్నిటికన్నా చెడ్డది. రోటర్‌కు చుట్టుకుంటే కొరడాలా తిరుగుతుంది, తెగితే ముక్కలు సూదుల్లా ఎగురుతాయి. జాలి కన్నంలోంచి నేరుగా దూరగలిగేవి ఈ ముక్కలే.

తీయగలిగినవి అక్కడికక్కడే తీసేయండి. తీయలేని వాటి దగ్గర బాగా కనబడే రంగు రిబ్బన్ కట్టండి. కంచె మొదలు దగ్గర గడ్డి ఏపుగా ఉంటే లోపల ఏముందో తెలియదు కాబట్టి అక్కడ కట్టర్‌ను ఒక జానెడు పైకే ఉంచండి. మీ మెషీన్ తట్టుకునే లావు కంటే పెద్ద కొమ్మలుంటే ముందే రంపంతో కోయించాలి. అలాంటి కొమ్మ ఫ్లెయిల్‌కు తెగదు, చీలుతుంది. ఆ చీలిన ముక్కలే దూరం ఎగిరేది. తలెత్తి కరెంటు తీగలు కూడా చూసుకోండి. అద్దాల సంగతి వేరు, అక్కడ ప్రాణం సంగతి.

2. కట్టర్ తలను సరిచేయండి

రాళ్ళూ కొమ్మలూ బయటికి రాకుండా మొదట ఆపేది తలకు ఉన్న హుడ్ (రోటర్ మీది కప్పు), దాని అంచున వేలాడే రబ్బరు ఫ్లాప్. కొమ్మలు ఇరుక్కుంటున్నాయనో, కోత సరిగా కనబడట్లేదనో ఫ్లాప్ పైకి మడిచి కట్టేసేవాళ్ళు, ఏకంగా కోసేసేవాళ్ళు ఉన్నారు. ఫ్లాప్ లేకుండా నడిపితే తర్వాత ఎన్ని జాలీలు పెట్టినా దండగే. చిరిగిన ఫ్లాప్‌ను వెంటనే మార్చండి. రోటర్‌ను రెండు దిశల్లో తిప్పగలిగే మెషీన్లలో దిశ మారిస్తే హుడ్ లేదా ఫ్లాప్ అమరిక కూడా మార్చాల్సి రావచ్చు. దిశ మార్చి ఫ్లాప్‌ను పాతచోటే వదిలేస్తే చెత్త నేరుగా తెరిచిన వైపు నుంచి వస్తుంది. మాన్యువల్‌లో ఆ బొమ్మ ఉన్న పేజీని ఒకసారి తీసి చూడండి.

తర్వాత బ్లేడ్లు. ప్రతి ఉదయం ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, తలను నేలమీద ఆనించి చూడాలి. ఒక్కో ఫ్లెయిల్‌ను చేత్తో ఊపితే వదులు తెలుస్తుంది. బీటలు, సాగిన కన్నాలు, అరిగిన బోల్టులు, ఊడిన నట్లు వెతకండి. ఊడిపోయిన ఫ్లెయిల్ ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. రోటర్ తూకం తప్పకూడదు కాబట్టి ఒకటి మార్చినప్పుడు దానికి ఎదురుగా ఉన్నదాన్నీ కలిపే మార్చాలి. పాత బోల్టుకే కొత్త బ్లేడ్ తగిలించకండి. విరిగిన ఫ్లెయిల్‌కు వెల్డింగ్ అసలు వద్దు. కొత్తవి బిగించాక గంట పని కాగానే ఆపి, బోల్టులు మళ్ళీ ఒకసారి బిగించండి.

చిరిగిన ఫ్లాప్, ఊగే ఫ్లెయిల్ రెండూ కలిస్తే ఆ రోజు అద్దం మిగలడం కష్టం.

3. తల తెరిచిన వైపు ఎటు చూస్తోంది?

ఒక్క నియమం పెట్టుకోండి: రోటర్ తిరుగుతున్నంత సేపు తల తెరిచిన ముఖం క్యాబిన్ వైపు చూడకూడదు. కంచె ఇవతలి ముఖం కొడుతున్నప్పుడు అది సహజంగా కంచె వైపే ఉంటుంది కాబట్టి సమస్య లేదు. ఇబ్బంది వచ్చేది రెండు చోట్ల. కంచె పైభాగం చదును చేసేటప్పుడు తల వంగి తెరిచిన అంచు మీ వైపు తిరగొచ్చు. ఆర్మ్‌ను కంచె మీదుగా అవతలికి చాచి అవతలి ముఖం కొడితే ఆ ముఖం పూర్తిగా క్యాబిన్‌నే చూస్తుంది. ఈ రెండోది చేయకండి. అవతలి వైపుకు ట్రాక్టర్‌ను తిప్పుకుని వెళ్ళండి, దూరం ఎక్కువైనా సరే.

ఆర్మ్‌ను పైకెత్తేటప్పుడు, మడిచేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు ముందు రోటర్ ఆపండి. స్విచ్ ఆపగానే అది నిలిచిపోదు, ఆ బరువుకి ఇంకాసేపు తిరుగుతూనే ఉంటుంది. మోత పూర్తిగా ఆగేదాకా తలను కంచెలోనో నేల దగ్గరో ఉంచాలి. ఎత్తులో ఉన్న తలను అక్కడే స్టార్ట్ చేయడం కూడా ఇంతే ప్రమాదం.

4. తలే వచ్చి ట్రాక్టర్‌కు గుద్దుకోకుండా

వెనక అద్దాలు, మడ్‌గార్డ్లు పోయేది రాళ్ళ వల్లే అనుకుంటాం గానీ, ఆర్మ్ దగ్గరికి లాగినప్పుడు తల వచ్చి తగలడం కూడా తక్కువేమీ కాదు. మెషీన్ కొత్తగా తగిలించినప్పుడు, టైర్ల సైజు మార్చినప్పుడు, వేరే ట్రాక్టర్‌కు పెట్టినప్పుడు ఈ పరీక్ష తప్పదు:

రోటర్ ఆపి, చదునైన చోట నిలిపి, బయట ఒక మనిషిని దూరంగా నిలబెట్టండి. ఆర్మ్‌ను అతి నెమ్మదిగా అన్ని కొసలకూ తీసుకెళ్ళండి. లోపలికి పూర్తిగా మడిచి, తలను రెండు వైపులా వంచి, లింకేజ్ (మెషీన్‌ను ట్రాక్టర్‌కు తగిలించే కడ్డీలు) ఎత్తి దించి చూడండి. ఎక్కడ టైరుకు, అద్దానికి, మడ్‌గార్డ్‌కు దగ్గరవుతోందో ఆ స్థానాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆర్మ్ కీలు దగ్గర, సీట్లోంచి కనబడేలా పెయింట్‌తో గీత గీస్తే ఇంకా మంచిది. గీత కలిసిందంటే ఇక లాగొద్దని లెక్క.

అడ్డు తగిలినప్పుడు ఆర్మ్ వెనక్కి జారే బ్రేక్‌అవే ఉన్న మెషీన్లలో, అది జారినప్పుడు తల ఎక్కడికి చేరుతుందో కూడా చూడండి. లింకేజ్ పక్కలకు ఊగకుండా స్టెబిలైజర్లు బిగించండి. మూడు వేళ్ళ సందు ఆగిన ట్రాక్టర్ మీద చాలినట్టే కనిపిస్తుంది, గతుకుల దారిలో అది సున్నా అవుతుంది.

5. అద్దాల రక్షణ: ఏది ఎంతవరకు పనికొస్తుంది

జాలి. రాయి, కర్ర, స్తంభం ముక్క లాంటి పెద్దవాటిని ఆపుతుంది. పైపు ఫ్రేముకు వెల్డ్ చేసిన జాలి అల్లిన జాలి కన్నా నయం, ఒక తీగ తెగినా మిగతావి జారవు. అద్దానికీ జాలికీ మధ్య కనీసం నాలుగు వేళ్ళ సందు ఉండాలి, లేకపోతే దెబ్బకు జాలి లోపలికి వంగి అదే అద్దాన్ని పగలగొడుతుంది. రంగు మెరవని నలుపు వేయండి. తెల్లగా, వెండిలా మెరిసే జాలి ఎండలో కళ్ళను లాగేస్తుంది, దాని వెనకున్న కంచె కనపడదు. నల్ల జాలిని కాసేపటికి కన్ను పట్టించుకోవడం మానేస్తుంది.

పాలీకార్బనేట్. అద్దంలా కనిపించే గట్టి ప్లాస్టిక్ షీటు. తీగ ముక్కల నుంచి, చిన్న రాళ్ళ నుంచి కాపాడేది ఇదే. దెబ్బ తట్టుకునే విషయంలో మామూలు గాజుకూ దీనికీ పోలికే లేదు. పగలడానికి బదులు వంగి, గుంట పడి ఊరుకుంటుంది. గీతలు మాత్రం తొందరగా పడతాయి. కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. పైకప్పులకు వాడే, లోపల బోలుగా గదులు గదులుగా ఉండే షీటు కాదు, గట్టి షీటు కావాలి. యాక్రిలిక్‌ను పాలీకార్బనేట్ అని అంటగట్టకుండా చూసుకోండి. సన్నటి ముక్క అడిగి తీసుకుని, కళ్ళకు రక్షణ పెట్టుకుని వంచి చూడండి. యాక్రిలిక్ ఫటుక్కున విరుగుతుంది, పాలీకార్బనేట్ మడత పడుతుంది.

సేఫ్టీ ఫిల్మ్. గాజు లోపలి వైపు అంటించే పారదర్శక పొర. రాయిని ఆపదు, కానీ పగిలిన పలుకులు మీ ముఖాన పడకుండా పట్టి ఉంచుతుంది. అదనంగా వేసుకోవచ్చు, దానిమీదే ఆధారపడకూడదు.

నన్నడిగితే ఆర్మ్ వైపు కిటికీకి, వెనక అద్దంలో ఆర్మ్ వైపు సగానికి బయట పాలీకార్బనేట్ షీటు, కంచెలో రాళ్ళూ తీగలూ ఎక్కువుంటే దానిపైన జాలి కూడా. రెండో వైపు తలుపును అలాగే వదిలేయండి. దానికి కారణం ఉంది.

క్యాబిన్‌ను పంజరం చేసుకోకూడదు. చాలా క్యాబిన్లలో వెనక కిటికీ గానీ పక్క కిటికీ గానీ అత్యవసర ద్వారం. ట్రాక్టర్ తలుపు వైపుకు ఒరిగితే మీరు బయటపడేది అక్కడి నుంచే. జాలిని బోల్టులతో శాశ్వతంగా బిగిస్తే ఆ దారి మూసేసినట్టే. పాలీకార్బనేట్ అయితే ఇంకో చిక్కు: గాజు పగలగొట్టే చిన్న సుత్తి దానిమీద పనిచేయదు. కాబట్టి అత్యవసర ద్వారం మీద పెట్టే ఏ కవచమైనా లోపలి నుంచే పనిముట్లు లేకుండా తెరుచుకోవాలి, లేదా కిటికీతో పాటే తెరుచుకోవాలి. బిగించాక సీట్లో కూర్చుని, తలుపు వాడకుండా బయటికి రావడం ఒకసారి నిజంగా చేసి చూడండి.

6. పాలీకార్బనేట్ షీటు బిగించే పద్ధతి

ముందు అట్టముక్కతో కిటికీ కొలతకు నమూనా కోయండి. తలుపు హ్యాండిల్, కీలు, వైపర్ అడ్డు రాకుండా సరిచూసుకున్నాకే షీటు మీద గీయండి. మందం 6 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. పెద్ద కిటికీకి 8 లేదా 10 తీసుకోండి, లేకపోతే దెబ్బకు షీటు ఊగి వెనకున్న గాజును తాకుతుంది.

రక్షణ పొర తీయకుండానే కోయండి. మూలలు గుండ్రంగా రుద్దాలి, పదునైన మూల దగ్గరే బీట పుడుతుంది. కింద చెక్క పెట్టి, పదునైన బిట్‌తో, తక్కువ ఒత్తిడితో కన్నాలు వేయండి. ఆయిల్ వేయకండి. కన్నం అంచుకు మరీ దగ్గర వద్దు, కన్నం వెడల్పుకు కనీసం రెండింతల దూరం వదలాలి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి: పాలీకార్బనేట్ వేడికి గాజు కంటే చాలా ఎక్కువ సాగుతుంది. మీటరు పొడవున్న షీటు, 40 డిగ్రీల తేడాకు రెండున్నర మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. చలి ఉదయం గట్టిగా బిగించిన షీటు ఎండెక్కాక ఎటూ జరగలేక బోల్టు దగ్గర చిట్లుతుంది. అందుకే 8 మిల్లీమీటర్ల బోల్టుకు 11 లేదా 12 మిల్లీమీటర్ల కన్నం వేయండి. రెండు వైపులా వెడల్పాటి రబ్బరు వాషరు, దానిపైన స్టీలు వాషరు. నైలాన్ లాక్ నట్ వాడి, షీటు కదలకుండా ఆగేంత వరకే బిగించండి. నట్టు వదులవకుండా పూసే లాకింగ్ ద్రవాలు వాడొద్దు, అవి ఈ ప్లాస్టిక్‌ను తినేసి సన్న సన్న బీటలు తెస్తాయి. పెట్రోలు, థిన్నర్ తగిలినా అంతే.

ఒకవైపు ఎండను తట్టుకునే పూత ఉన్న షీటైతే ఆ వైపు బయటికి రావాలి. ఏ వైపో పొర మీద రాసి ఉంటుంది. పొర చింపేశాక గుర్తుపట్టలేరు, అందుకే ముందే మూలన ఒక గుర్తు పెట్టుకోండి.

తగిలించడానికి క్యాబిన్ ఫ్రేములో కొత్త కన్నాలు వేయకూడదు, దానికి వెల్డింగ్ చేయకూడదు. ట్రాక్టర్ బోల్తా పడితే మిమ్మల్ని కాపాడేది ఆ ఫ్రేమే, దాని బలం తగ్గించకూడదు. లైట్లు, మిర్రర్లు, పట్టుకునే కడ్డీల కోసం ముందే ఉన్న బోల్టు స్థానాలు, లేదా పైపును చుట్టి పట్టే క్లాంపులు వాడండి. షీటు కింది అంచున కొద్దిగా సందు వదిలితే మధ్యలో ఆవిరి పట్టదు, దుమ్ము నిలవదు. షీటును తీసి కడగగలిగేలా పెట్టుకోండి.

7. బాడీ సంగతి

మడ్‌గార్డ్, వెనక మూల, ఇంధన ట్యాంకు: దెబ్బలన్నీ ఎక్కువగా ఈ మూడింటికే. ట్యాంకు ఆర్మ్ వైపు ఉండి ప్లాస్టిక్‌ది అయితే దానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. పాత కన్వేయర్ బెల్ట్ రబ్బరు దొరికితే ఇంతకు మించిన సరుకు లేదు. పైనుంచి వేలాడదీసి, కింది అంచు వదులుగా వదిలితే దెబ్బను మింగేస్తుంది. నాలుగు వైపులా బిగిస్తే ఆ గుణం పోతుంది. చక్రానికి, నిచ్చెనకు తగలకుండా కొలత చూసుకోండి.

అయస్కాంతంతో అతుక్కునే షీట్లు చూడ్డానికి సులువు. కానీ ఇప్పటి బానెట్లు చాలావరకు ప్లాస్టిక్కో ఫైబరో, వాటికి అతుక్కోవు. అతుక్కున్నా కింద చేరిన ఇసుక రేణువులు ఊగుతూ రంగును గరుకు కాగితంలా అరగదీస్తాయి. వాడేవాళ్ళు రోజూ తీసి రెండు వైపులా తుడవాలి. వెనక లైట్లకు చిన్న జాలి తొడుగు, మిర్రర్ మడిచి పెట్టుకోవడం, బయటికి కనబడే హైడ్రాలిక్ పైపులకు స్లీవ్: ఇవి చెప్పుకోవడానికి చిన్నవి, చేయడానికి ఇంకా చిన్నవి.

ఏది కప్పినా రేడియేటర్ గ్రిల్‌ను, గాలి పీల్చే చోటును మాత్రం కప్పకండి. కంచె పనిలో ఆకు తుక్కు గ్రిల్‌ను ఎలాగూ మూసేస్తుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. సైలెన్సర్ చుట్టూ, బ్యాటరీ పెట్టె దగ్గర ఎండు ఆకులు పేరుకుంటే మంట అంటుకోవచ్చు. రోజులో ఒకటి రెండు సార్లు ఇంజిన్ ఆపి, చల్లారాక ఊడ్చేయండి.

8. నడిపేటప్పుడు

కిటికీలన్నీ మూసే ఉంచండి. పీటీవోను (ట్రాక్టర్ నుంచి మెషీన్‌కు శక్తినిచ్చే షాఫ్ట్) మాన్యువల్ చెప్పిన వేగం దాటించకండి. మరీ తగ్గించినా లాభం లేదు, కొమ్మ తెగకుండా చీలుతుంది. ముందుకు వెళ్ళే వేగం కోత చెప్పినట్టు ఉండాలి, లావు కొమ్మల దగ్గర నడక కన్నా మెల్లగా. చుట్టుపక్కల మనిషి కనబడితే రోటర్ ఆపడమే, వాళ్ళు దాటేదాకా ఎదురుచూడడమే.

చెవి పని కూడా ఉంది. మోత స్వరం మారినా, సీట్లోకి కొత్త వణుకు వచ్చినా ఫ్లెయిల్ ఊడిందనో, తీగ చుట్టుకుందనో అర్థం. "ఈ వరస అయ్యాక చూద్దాం" అనుకున్న దగ్గరే అద్దాలు పోతాయి. రోటర్ ఆపి, తల నేలకు దించి, ఇంజిన్ ఆపి, తాళం తీసి, రోటర్ నిలిచిందని కంటితో చూశాకే దగ్గరికి వెళ్ళండి. చుట్టుకున్న తీగను గ్లవ్స్ వేసుకుని కట్టింగ్ ప్లేయర్‌తో ముక్కలు చేసి తీయాలి. రోటర్‌ను వెనక్కి తిప్పి విప్పుదామని చూడకండి.

9. శుభ్రం చేయడం, పగిలితే ఏం చేయాలి

పాలీకార్బనేట్‌ను పొడి గుడ్డతో ఎప్పుడూ తుడవొద్దు. ముందు నీళ్ళు ధారగా పోసి దుమ్ము కడిగేయండి, తర్వాత గోరువెచ్చని సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ. అమ్మోనియా ఉండే అద్దాల స్ప్రే వాడితే షీటు మసకబారుతుంది. గీతలు పెరిగి సాయంత్రపు ఎండలో కంచె కనబడట్లేదంటే షీటు వయసైపోయినట్టే, మార్చండి. సీజన్ అయ్యాక విప్పి, మధ్యలో గుడ్డ పెట్టి, ఎండ తగలని చోట నిలబెట్టి దాచండి.

ఇన్ని చేసినా అద్దం పగలొచ్చు. అప్పుడు మొదట చేయాల్సింది రోటర్ ఆపడం, పలుకులు దులుపుకోవడం తర్వాత సంగతి. కళ్ళు నలపొద్దు. కట్టర్ నిలిచాక దిగి, కళ్ళద్దాలు, గ్లవ్స్ వేసుకుని పెద్ద పలుకులు తీయండి. మిగిలినవి వ్యాక్యూమ్‌తో లాగాలి, ముఖ్యంగా సీటు మడతల్లో, ఏసీ గాలి వచ్చే కన్నాల్లో, కంట్రోల్ లివర్ల మొదట్లో. బ్లోయర్ ఆన్ చేశారా, ఆ కన్నాల్లో మిగిలిన పలుకులు ముఖం మీదికే వస్తాయి. అట్టో ప్లాస్టిక్ కవరో అంటించి ఆ రోజు పని పూర్తిచేద్దామన్న ఆలోచన మానుకోండి. ట్రాక్టర్‌ను ఇంటికి తెచ్చుకోవడానికి అది చాలు, కంచె కొట్టడానికి చాలదు.

కొత్త అద్దం వేయించే ముందు తగిలిన వస్తువు కోసం క్యాబిన్‌లో వెతకండి. రాయి దొరికితే ఫ్లాప్‌ను, తల పెట్టిన కోణాన్ని చూడాలి. తీగ ముక్క అయితే కంచె వెంట మళ్ళీ నడవాలి. ఇనుప ముక్క దొరికితే నేరుగా రోటర్ దగ్గరికి వెళ్ళి ఫ్లెయిల్స్ లెక్కపెట్టండి.